మూత్రపిండాల్లో రాళ్ళు: రకాలు, కారణాలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• మూత్రంలో కరిగి ఉన్న పదార్థాలు స్ఫటికాలుగా ఎందుకు మారతాయో వివరించగలుగుతారు.
• మూత్రపిండ రాళ్ళలోని ముఖ్యమైన రకాలను, వాటి రసాయన స్వభావాన్ని తెలపగలుగుతారు.
• ఒక్కొక్క రకానికి దారితీసే కారణాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• వెంటనే వైద్యుణ్ణి సంప్రదించవలసిన సూచనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఇంట్లో ఎవరికైనా మూత్రపిండంలో రాయి ఉందని తెలిస్తే సలహాలకు కొరత ఉండదు. టమాటా మానమని ఒకరు, పాలు, పెరుగు ముట్టవద్దని మరొకరు, ఉలవకట్టు తాగమని ఇంకొకరు చెబుతారు. ఈ సలహాలన్నింటి వెనక ఒకే ఊహ ఉంది: రాయి ఎవరిలో ఉన్నా రాయే కదా అన్నది. ఈ భాగంలో మనం తెలుసుకోబోయే ముఖ్య విషయం ఇందుకు భిన్నమైనది. మూత్రపిండ రాళ్ళు ఒకే వ్యాధి కాదు. వేరువేరు కారణాలవల్ల, వేరువేరు పదార్థాలతో ఏర్పడే ఘనపదార్థాలన్నింటికీ మనం 'రాయి' అనే ఒకే పేరు పెట్టుకున్నాం. ఒక రకం రాయికి మేలు చేసే ఉపాయం మరొక రకానికి కీడు చేయవచ్చు.

ఈ వ్యాధి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత దీనిని 'అశ్మరి' అని పేర్కొని, నాలుగు రకాలుగా విభజించింది. మూత్రాశయంలోని రాయిని శస్త్రచికిత్సతో తొలగించే పద్ధతిని కూడా వర్ణించింది. అయితే రాయి దేనితో తయారైందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఆధునిక రసాయనశాస్త్రం రావలసి వచ్చింది. 1776లో స్వీడన్‌కు చెందిన షీలే మూత్రాశయంలోని రాళ్ళను పరీక్షించి యూరిక్ ఆమ్లాన్ని కనుక్కున్నాడు. 1797లో ఇంగ్లండుకు చెందిన వొలాస్టన్ కొన్ని రాళ్ళలో కాల్షియం ఆక్సలేట్, మరికొన్నింటిలో ఫాస్ఫేట్ లవణాలు ఉన్నాయని చూపాడు. 1810లో ఆయనే మరొక కొత్త రకాన్ని వర్ణించాడు. అదే నేటి సిస్టీన్ రాయి. అంటే రాళ్ళన్నీ ఒకటి కావని తెలిసి రెండు శతాబ్దాలు దాటింది.

2. మూత్రం తయారయ్యే తీరు

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఇందులో 99 శాతం దాకా తిరిగి రక్తంలోకి చేరుతుంది. దీనినే పునఃశోషణం అంటాం. చివరికి మూత్రంగా బయటికి వచ్చేది సాధారణంగా ఒకటిన్నర లీటర్ల వరకు ఉంటుంది.

దేహం వదిలించుకోవలసిన యూరియా, యూరిక్ ఆమ్లం, ఆక్సలేట్, అదనపు కాల్షియం, ఫాస్ఫేట్ మొదలైనవన్నీ ఈ కొద్దిపాటి నీటిలోనే కరిగి బయటికి పోవాలి. నీరు తగ్గినంత మాత్రాన ఈ వ్యర్థాలు అదే పాళ్ళలో తగ్గవు. కాబట్టి మనం తక్కువ నీరు తాగిన రోజున మూత్రం చిక్కబడుతుంది.

3. రాయి ఏర్పడే విధానం

3.1 అతిసంతృప్తత

పటికబెల్లం తయారీని గుర్తుచేసుకోండి. చిక్కటి పంచదార పాకంలో దారాన్ని వేలాడదీసి కదపకుండా ఉంచుతారు. కొన్ని రోజులకు ఆ దారం చుట్టూ స్ఫటికాలు పేరుకుంటాయి. పాకం పలచగా ఉంటే ఎంతకాలం ఉంచినా స్ఫటికం ఏర్పడదు. ఒక ద్రావణం మామూలుగా కరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువ పదార్థాన్ని కలిగి ఉంటే దానిని అతిసంతృప్త ద్రావణం అంటారు. స్ఫటికం పుట్టడానికి ఇది మొదటి షరతు. దారంలా ఆధారమిచ్చే తలం దొరికితే ఆ పని సులువవుతుంది.

మూత్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉదాహరణకు ఒక వ్యక్తి రోజుకు 30 మి.గ్రా. ఆక్సలేట్, 200 మి.గ్రా. కాల్షియం విసర్జిస్తున్నాడనుకుందాం. మూత్రం ఒక లీటరే ఉంటే ఆ లీటరులో ఈ మొత్తమంతా ఉంటుంది. మూత్రం రెండు లీటర్లయితే లీటరుకు 15 మి.గ్రా. ఆక్సలేట్, 100 మి.గ్రా. కాల్షియం మాత్రమే ఉంటాయి. ఈ రెండూ జతకడితేనే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికం ఏర్పడుతుంది. కాబట్టి స్ఫటికం ఏర్పడే అవకాశం వాటి గాఢతల లబ్ధంపై ఆధారపడుతుంది. రెండు గాఢతలూ సగమైతే లబ్ధం నాలుగో వంతుకు పడిపోతుంది. మూత్ర పరిమాణాన్ని రెట్టింపు చేస్తే కలిగే లాభం రెట్టింపుకంటే ఎక్కువ అని దీనివల్ల గ్రహించవచ్చు.

3.2 నిరోధకాలు

ఆరోగ్యవంతుల మూత్రం కూడా తరచుగా కాల్షియం ఆక్సలేట్ విషయంలో అతిసంతృప్తంగానే ఉంటుంది. అయినా అందరికీ రాళ్ళు రావు. మూత్రంలో స్ఫటికాలను అడ్డుకునే పదార్థాలు ఉండటం దీనికి ఒక కారణం. వాటిలో సిట్రేట్ ముఖ్యమైనది. అది కాల్షియంతో కలిసి కరిగే సంయోగంగా మారి, ఆక్సలేట్‌కు కాల్షియం దొరకకుండా చేస్తుంది. మెగ్నీషియం, పైరోఫాస్ఫేట్, మూత్రంలోని కొన్ని ప్రోటీన్లు కూడా నిరోధకాలుగా పనిచేస్తాయి. కాబట్టి రాయిని పుట్టించే పదార్థాలు పెరిగినా, అడ్డుకునే పదార్థాలు తగ్గినా ప్రమాదమే.

3.3 రాయి అతుక్కునే చోటు

పుట్టిన స్ఫటికం మూత్రంతోపాటు కొట్టుకుపోతే హాని లేదు. అది ఎక్కడో ఒకచోట నిలవాలి. 1937లో అమెరికన్ మూత్రవ్యాధి నిపుణుడు అలెగ్జాండర్ రాండాల్ మూత్రపిండ సూక్ష్మాంకురాల మీద తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ మచ్చలను, వాటిని అంటిపెట్టుకుని పెరుగుతున్న రాళ్ళను వర్ణించాడు. వీటిని 'రాండాల్ ఫలకాలు' అంటారు. చాలా కాల్షియం ఆక్సలేట్ రాళ్ళకు ఇవి పటికబెల్లంలోని దారంలాగా ఉపయోగపడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) అతిసంతృప్త ద్రావణం అంటే ఏమిటి?
(ఆ) సిట్రేట్ రాయిని ఎలా అడ్డుకుంటుంది?

4. రాళ్ళ రకాలు

4.1 కాల్షియం రాళ్ళు

మూత్రపిండ రాళ్ళలో మూడు వంతులకు పైగా కాల్షియంతో కూడినవే. వీటిలో అధిక భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. మిగిలినవి కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళు. రెండూ కలిసి ఒకే రాయిలో ఉండటం కూడా మామూలే.

కాల్షియం ఆక్సలేట్ రాళ్ళకు దారితీసే పరిస్థితులు నాలుగు. మొదటిది, మూత్రంలో కాల్షియం పెరగడం. ఇది వంశపారంపర్యంగా ఉండవచ్చు. పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేయడంవల్లా, ఉప్పు ఎక్కువ తినడంవల్లా కూడా కలగవచ్చు. రెండవది, ఆక్సలేట్ పెరగడం. ఆక్సలేట్ కొంత కాలేయంలో తయారవుతుంది, కొంత ఆహారం నుంచి వస్తుంది. పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం వంటి వాటిలో ఇది ఎక్కువ. విటమిన్-సి మాత్రలను పెద్ద మోతాదులో వాడినా ఆక్సలేట్ పెరుగుతుంది. కొవ్వు సరిగా జీర్ణంకాని పేగు వ్యాధుల్లోనూ ఇదే జరుగుతుంది. మూడవది, సిట్రేట్ తగ్గడం. నాలుగవది, మూత్ర పరిమాణం తగ్గడం.

కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళు క్షారగుణం గల మూత్రంలో ఏర్పడతాయి. మూత్రపిండ నాళికలు ఆమ్లాన్ని సరిగా విసర్జించలేని వ్యాధిలో మూత్రం ఎప్పుడూ ఆమ్లత్వం తగ్గి ఉంటుంది, సిట్రేట్ కూడా తక్కువగా ఉంటుంది. ఇలాంటి వారిలో ఈ రాళ్ళు పదేపదే రావచ్చు.

4.2 యూరిక్ ఆమ్లం రాళ్ళు

మొత్తం రాళ్ళలో ఇవి సుమారు 5 నుంచి 10 శాతం. మాంసం, కాలేయం, కొన్ని రకాల చేపలలో ఉండే ప్యూరిన్లు దేహంలో యూరిక్ ఆమ్లంగా మారతాయి. అయితే ఈ రాళ్ళకు అసలు కారణం చాలామందిలో యూరిక్ ఆమ్లం ఎక్కువ కావడం కాదు, మూత్రం మరీ ఆమ్లంగా ఉండటం. పి.హెచ్. విలువ 5.5 కంటే తగ్గినప్పుడు యూరిక్ ఆమ్లం కరగని రూపంలో ఉంటుంది. పి.హెచ్. 5 నుంచి 7కు పెరిగితే అది కరిగే శక్తి దాదాపు పది రెట్లు పెరుగుతుంది. స్థూలకాయులలో, మధుమేహం ఉన్నవారిలో మూత్రం ఆమ్లంగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే వారిలో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది.

4.3 స్ట్రువైట్ రాళ్ళు

ఇవి మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్‌తో తయారవుతాయి. వీటి పుట్టుకకు బాక్టీరియా కారణం. ప్రోటియస్, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియాలలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. దానితో మూత్రం క్షారంగా మారి, ఈ లవణం త్వరగా పేరుకుంటుంది. కొన్ని వారాలు, నెలల్లోనే రాయి మూత్రపిండం లోపలి గదులన్నింటినీ నింపి, జింక కొమ్ముల ఆకారంలో పెరగవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే స్త్రీలలో ఇవి ఎక్కువ. రాయి లోపల బాక్టీరియా దాగి ఉంటుంది కాబట్టి, రాయిని పూర్తిగా తీసివేయకుండా మందులు మాత్రమే వాడితే ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది.

4.4 సిస్టీన్ రాళ్ళు

ఇవి అరుదు. పెద్దలలో వచ్చే రాళ్ళలో ఒక శాతం లోపే. సిస్టీన్, ఆర్నిథిన్, లైసిన్, ఆర్జినిన్ అనే నాలుగు ఎమైనో ఆమ్లాలను తిరిగి రక్తంలోకి తీసుకునే వాహక ప్రోటీన్‌లో జన్యులోపం వీటికి కారణం. ఆ నాలుగూ మూత్రంలోకి పోతాయి కాని, సరిగా కరగనిది సిస్టీన్ ఒక్కటే. కాబట్టి అదే రాయిగా మారుతుంది. సూక్ష్మదర్శినిలో దీని స్ఫటికాలు ఆరు భుజాలతో కనిపిస్తాయి. ఈ లోపం సాధారణంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమించినప్పుడే వ్యాధిగా బయటపడుతుంది. చిన్న వయసులోనే రాళ్ళు మొదలైతే ఈ రకాన్ని తప్పక అనుమానించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) యూరిక్ ఆమ్లం రాళ్ళకు, స్ట్రువైట్ రాళ్ళకు మూత్రం పి.హెచ్. విషయంలో ఉన్న తేడా ఏమిటి?
(ఆ) నాలుగు ఎమైనో ఆమ్లాలు విసర్జితమైనా సిస్టీన్ మాత్రమే రాయిగా ఎందుకు మారుతుంది?

5. అన్ని రకాలకూ తోడ్పడే పరిస్థితులు

నీటి కొరత: మండుటెండల్లో పొలంలో, ఇటుక బట్టీల దగ్గర, వంటశాలల్లో పనిచేసేవారు చెమట రూపంలో చాలా నీటిని కోల్పోతారు. తాగినట్లే అనిపించినా మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. పనిచేసే చోట మరుగుదొడ్డి లేక, లేదా బస్సు ప్రయాణంలో ఇబ్బంది అవుతుందని నీళ్ళు తాగడం మానుకునే స్త్రీల విషయంలోనూ ఇంతే. వీరి విషయంలో 'నీళ్ళు ఎక్కువ తాగండి' అన్న సలహా ఒక్కటే చాలదు. పనిచేసే చోట మరుగుదొడ్డి ఉండటం కూడా రాళ్ళ నివారణలో భాగమే.

ఉప్పు: మూత్రపిండం సోడియాన్ని వదిలేటప్పుడు దానితోపాటు కాల్షియం కూడా పోతుంది. రోజుకు సుమారు 6 గ్రాముల ఉప్పు అదనంగా తింటే మూత్రంలో కాల్షియం సుమారు 40 మి.గ్రా. పెరుగుతుంది. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పు చేపలు ఇష్టపడేవారు దీనిని గమనించాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మాంసాహారం అతిగా తీసుకోవడం: దీనివల్ల యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, మూత్రం ఆమ్లమవుతుంది, సిట్రేట్ తగ్గుతుంది.

వంశపారంపర్యం, గత చరిత్ర: కుటుంబంలో రాళ్ళు ఉన్నవారికి అవకాశం ఎక్కువ. ఒకసారి రాయి వచ్చి, ఏ జాగ్రత్తా తీసుకోనివారిలో దాదాపు సగం మందికి పదేళ్ళలోపు మళ్ళీ వస్తుంది.

6. లక్షణాలు, ప్రమాద సూచనలు

రాయి మూత్రపిండంలో కదలకుండా ఉన్నంతకాలం చాలామందికి ఏమీ తెలియదు. అది మూత్రనాళంలోకి జారినప్పుడు నొప్పి మొదలవుతుంది. మూత్రనాళం 25 నుంచి 30 సెం.మీ. పొడవున్న సన్నని గొట్టం. దీనిలో మూడు ఇరుకు చోట్లున్నాయి: మూత్రపిండం నుంచి మొదలయ్యే చోట, కటి ప్రాంతంలోని రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలో కలిసే చోట. రాయి ఇక్కడ చిక్కుకుంటే నడుము పక్కనుంచి గజ్జల వరకు పాకే తీవ్రమైన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం కనిపిస్తాయి. 5 మి.మీ. లోపు రాళ్ళు చాలావరకు వాటంతట అవే బయటికి వస్తాయి. పరిమాణం పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. నొప్పి తగ్గడం వేరు, రాయి పోవడం వేరు. రాయి మూత్రనాళాన్ని మూసివేసి కదలకుండా ఉండిపోయినా కొన్ని రోజులకు నొప్పి తగ్గిపోవచ్చు. అడ్డంకి వారాల తరబడి అలాగే ఉంటే, వెనక మూత్రపిండం ఉబ్బి క్రమంగా పనిచేయడం మానేస్తుంది. రెండవ మూత్రపిండం పని చేస్తూ ఉంటుంది కాబట్టి రోగికి ఈ నష్టం తెలియదు. అందువల్ల నొప్పి తగ్గినా రాయి బయటికి వచ్చిందో లేదో పరీక్ష ద్వారా నిర్ధారించుకోవాలి.

కింది సందర్భాలలో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి:

• నొప్పితోపాటు చలి, జ్వరం ఉన్నప్పుడు. అడ్డుపడిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే ప్రాణాపాయం కలుగుతుంది.
• మూత్రం పూర్తిగా ఆగిపోయినప్పుడు.
• రోగికి ఒకే మూత్రపిండం ఉన్నప్పుడు.
• గర్భిణి అయినప్పుడు.
• వాంతులు ఆగక, మందులు కడుపులో నిలవనప్పుడు.

7. రకాన్ని గుర్తించడం ఎందుకు?

రాయి ఎక్కడ ఉందో, ఎంత ఉందో అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ తెలుపుతాయి. కాల్షియం రాళ్ళు సాధారణ ఎక్స్‌రేలో కనిపిస్తాయి. యూరిక్ ఆమ్లం రాళ్ళు కనిపించవు. కాబట్టి ఎక్స్‌రేలో రాయి లేదంటే మూత్రపిండంలో రాయి లేదని అర్థం కాదు. కచ్చితమైన జవాబు రాయిని రసాయనికంగా విశ్లేషించినప్పుడే దొరుకుతుంది. బయటికి వచ్చిన రాయిని పారేయకుండా, మూత్రాన్ని పలచని గుడ్డలోనో జల్లెడలోనో వడగట్టి రాయిని భద్రపరచి వైద్యునికి ఇవ్వాలి. రాళ్ళు తిరగబెట్టేవారికి 24 గంటల మూత్రాన్ని సేకరించి కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ ఆమ్లం కొలుస్తారు.

రకం తెలిస్తే చికిత్స ఎలా మారుతుందో చూడండి. మూత్రాన్ని క్షారంగా మార్చే పొటాషియం సిట్రేట్ వంటి మందులతో యూరిక్ ఆమ్లం రాయి శస్త్రచికిత్స లేకుండానే కరగవచ్చు. మూత్రం అప్పటికే క్షారంగా ఉన్న స్ట్రువైట్ రోగి ఎవరో చెప్పారని వంటసోడా కలిపిన నీళ్ళు తాగితే రాయి మరింత పెరిగే ప్రమాదం ఉంది. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు నేటికీ లేదు. అది దానంతట అది రావాలి, లేదా తీయాలి. దేహం వెలుపలినుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతిని 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో తొలిసారి రోగిపై ప్రయోగించారు. మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తో పగలగొట్టడం, పెద్ద రాళ్ళను వీపువైపు చిన్న రంధ్రం ద్వారా తీయడం ఇతర పద్ధతులు.

8. కొన్ని అపోహలు

'పాలు, పెరుగు మానాలి': రాయిలో కాల్షియం ఉంది కనుక ఆహారంలో కాల్షియం మానాలన్నది సహజంగా తోచే ఆలోచనే. ఒకప్పుడు వైద్యులు కూడా ఇలాగే చెప్పేవారు. 1993లో అమెరికాలో 45,000 మందికి పైగా పురుషులపై జరిగిన పరిశీలన దీనిని తలకిందులు చేసింది. ఆహారంలో కాల్షియం ఎక్కువ తీసుకున్నవారికే రాళ్ళు తక్కువగా వచ్చాయి. 2002లో ఇటలీలో, మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉండి రాళ్ళు తిరగబెట్టే 120 మంది పురుషులను రెండు జట్లుగా చేసి ఐదేళ్ళు గమనించారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి తిరగబెట్టింది. కాల్షియం మామూలుగా తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే తిరగబెట్టింది. కారణం ఇది: భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడినుంచి మూత్రంలోకి చేరుతుంది. ఆకుకూర అన్నం తిన్న తరవాత పెరుగన్నం తినే మన అలవాటు ఈ దృష్టితో చూస్తే మంచిదే. అయితే కాల్షియం మాత్రలను వైద్యుని సలహా లేకుండా వాడకూడదు.

'టమాటా గింజలు రాళ్ళవుతాయి': మనం మింగిన గింజ పేగుల గుండా మలంతో పోతుంది. అది మూత్రపిండాన్ని చేరే దారే లేదు. టమాటాలో ఆక్సలేట్ కూడా పాలకూరతో పోలిస్తే చాలా తక్కువ.

'బీరు తాగితే రాయి పడిపోతుంది': మద్యం కొంతసేపు మూత్రాన్ని పెంచుతుంది కాని రాయిని కరిగించదు. పైగా బీరు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది.

'కొండపిండి ఆకు, ఉలవకట్టు చాలు': ఇవి తరతరాలుగా వాడుకలో ఉన్నవే. వీటితోపాటు తాగే నీరు మేలు చేయవచ్చు, చిన్న రాయి దానంతట అదే పడిపోవచ్చు. కాని నాళం మూసుకుపోయిన మూత్రపిండానికి వీటిని నమ్ముకుని కాలయాపన చేయడం ప్రమాదకరం.

9. నివారణ

అన్ని రకాలకూ వర్తించే సలహా ఒక్కటే: రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగడం. 1996లో ప్రచురితమైన ఐదేళ్ళ ఇటాలియన్ అధ్యయనంలో, రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీరు తాగినవారిలో 12 శాతం మందికి, మామూలుగా ఉన్నవారిలో 27 శాతం మందికి రాయి తిరగబెట్టింది. ఎన్ని గ్లాసులు తాగామన్నది కాదు, ఎంత మూత్రం వచ్చిందన్నదే కొలమానం. మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి. రాత్రి మూత్రం చిక్కబడుతుంది కాబట్టి పడుకునే ముందు కూడా కొంత తాగాలి. ఉప్పు వేయని నిమ్మరసం సిట్రేట్‌ను కూడా అందిస్తుంది. గుండె వైఫల్యం, మూత్రపిండ వైఫల్యం ఉన్నవారు మాత్రం నీటి పరిమాణాన్ని వైద్యుని సలహా ప్రకారమే నిర్ణయించుకోవాలి.

10. సారాంశం

మూత్రం అతిసంతృప్తమై, నిరోధకాలు తగ్గి, స్ఫటికం నిలవడానికి చోటు దొరికినప్పుడు రాయి ఏర్పడుతుంది. కాల్షియం, యూరిక్ ఆమ్లం, స్ట్రువైట్, సిస్టీన్ రాళ్ళు ముఖ్యమైన రకాలు. వీటి కారణాలు వేరు కాబట్టి చికిత్స, ఆహార నియమాలు కూడా వేరు. తగినంత నీరు అందరికీ మేలు చేస్తుంది. మిగిలిన సలహాలను రాయి రకం తెలిసిన తరవాతే పాటించాలి. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయిందని భావించరాదు.

11. 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' సమాధానాలు

1. (అ) మామూలుగా కరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువ పదార్థాన్ని కలిగి ఉన్న ద్రావణం.
(ఆ) కాల్షియంతో కరిగే సంయోగాన్ని ఏర్పరచి, ఆక్సలేట్‌కు కాల్షియం దొరకకుండా చేస్తుంది.
2. (అ) యూరిక్ ఆమ్లం రాళ్ళు ఆమ్ల మూత్రంలో, స్ట్రువైట్ రాళ్ళు క్షార మూత్రంలో ఏర్పడతాయి.
(ఆ) నాలుగింటిలో మూత్రంలో సరిగా కరగనిది సిస్టీన్ ఒక్కటే.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూత్రపిండ రాళ్ళలోని రకాలను, వాటి కారణాలను వివరించండి.
2. రాయి ఏర్పడే విధానాన్ని తెలిపి, నీరు దానిని ఎలా నివారిస్తుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆహారంలో కాల్షియం తగ్గిస్తే కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు ఎందుకు పెరగవచ్చు?
2. పక్క నొప్పితో వారం రోజులు బాధపడిన ఒక వ్యవసాయ కూలీకి నొప్పి పూర్తిగా తగ్గింది. ఇక పరీక్ష అవసరం లేదని ఆమె అనుకుంటోంది. మీరు ఆమెకు ఏమి చెబుతారు? ఎందుకు?